గుణకంలో దాగిన జాతి: మూత్రపిండాల పనితీరు అంచనా సమీకరణాల చరిత్ర (1976–2024)

వ్యాససంగ్రహం

మూత్రపిండాలు ఎంత మేరకు పనిచేస్తున్నాయో రక్తంలోని క్రియాటినిన్ ఆధారంగా లెక్కగట్టే సమీకరణాలలో 1999 నుంచి 2021 వరకు ‘నల్లజాతి’ అనే గుణకం కొనసాగింది. అమెరికాలో మార్పిడి శస్త్రచికిత్స కోసం ఎదురుచూసిన వేలాది మంది రోగుల నిరీక్షణ కాలాన్ని ఈ గుణకం ప్రభావితం చేసింది. అది సమీకరణంలోకి ఎలా ప్రవేశించింది, ఏ ఆధారాలతో నిలిచింది, ఎలా తొలగింది, తొలగిన తర్వాత దాని పర్యవసానాలను వ్యవస్థ ఎలా సరిదిద్దబూనింది అన్న అంశాలను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. నల్ల, నల్లేతర అనే రెండు గడుల వర్గీకరణలో దక్షిణాసియా శరీరాలకు దక్కిన స్థానాన్ని చివరి భాగం చర్చిస్తుంది.

కీలక పదాలు: మూత్రపిండ వ్యాధి, క్రియాటినిన్, జాతి గుణకం, మార్పిడి నిరీక్షణ జాబితా, సిస్టాటిన్-సి, ఉద్దానం

1. ఉపోద్ఘాతం

వయసు యాభై ఏళ్లు, రక్తంలో క్రియాటినిన్ డెసిలీటరుకు 3.6 మిల్లీగ్రాములు ఉన్న ఇద్దరు పురుషులను ఉదాహరణగా తీసుకోవచ్చు. 2009లో వెలువడి, పుష్కరకాలం పాటు అమెరికన్ వైద్యంలో చెలామణి అయిన సి.కె.డి.-ఎపి సమీకరణం ప్రకారం వారిలో శ్వేతజాతీయుని వడపోత రేటు నిమిషానికి దాదాపు 19 మిల్లీలీటర్లు. నల్లజాతీయునిది దాదాపు 22. రక్తం ఒక్కటే, వయసు ఒక్కటే. తేడా అంతా దరఖాస్తులో ‘జాతి’ అన్న గడికి ఎదురుగా పడిన గుర్తులోనే ఉంది. అమెరికాలో మూత్రపిండ మార్పిడి కోసం నిరీక్షణ కాలం లెక్కలోకి రావాలంటే, డయాలసిస్ మొదలుకాని రోగికి ఈ రేటు 20 లేదా అంతకు తక్కువ ఉండాలి. కాబట్టి మొదటి వ్యక్తి ఆ వరుసలో నిలబడగలిగాడు. రెండవ వ్యక్తి మూత్రపిండాలు మరికొంత క్షీణించేదాకా వరుస బయటే ఉండిపోయాడు.

ఈ మూడు మిల్లీలీటర్ల తేడాను ఎవరో దురుద్దేశంతో కల్పించలేదు. ఈ చరిత్రలోని చిక్కు అక్కడే ఉంది. కచ్చితత్వాన్ని కోరిన పరిశోధకులే, నల్లజాతి రోగులను అధ్యయనంలో చేర్చాలన్న సదుద్దేశంతోనే, ఆ గుణకాన్ని సమీకరణంలో ఉంచారు.

2. క్రియాటినిన్ నుంచి సమీకరణం దాకా

క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్‌తో కలిసినప్పుడు నారింజ-ఎరుపు రంగు ఏర్పడుతుందని 1886లో జర్మన్ రసాయనవేత్త మాక్స్ యాఫే గుర్తించాడు. ఆ రంగు గాఢతను బట్టి మూత్రంలోని క్రియాటినిన్ పరిమాణాన్ని నిర్ణయించే పద్ధతిని 1904లో ఓటో ఫోలిన్ రూపొందించాడు. క్రియాటినిన్ కండరాలలో పుట్టే వ్యర్థం. మూత్రపిండాలు దాన్ని వడపోసి బయటకు పంపుతాయి. వడపోత తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. సూత్రం ఇంత సరళం. అయితే రక్తంలో అది ఎంత ఉందన్నది మూత్రపిండాల మీదనే కాక, దాన్ని పుట్టించే కండరం మీద, తినే మాంసం మీద కూడా ఆధారపడుతుంది. తర్వాతి శతాబ్ది వివాదాలన్నిటికీ మూలం ఇదే.

వడపోత రేటును నేరుగా కొలిచే పద్ధతి లేకపోలేదు. ఇన్యులిన్ అనే పదార్థాన్ని రక్తనాళంలోకి నిరంతరంగా ఎక్కిస్తూ, గంటల తరబడి రక్తమూత్రాలను సేకరించి లెక్కగట్టడాన్ని 1930లలో న్యూయార్క్‌లో హోమర్ స్మిత్ బృందం ప్రామాణికం చేసింది. అయితే అది ప్రయోగశాలకు తగిన పని. రోజుకు వందల మందిని చూసే ఆసుపత్రికి సాధ్యం కాదు. ఒక్క రక్తపు చుక్క ఫలితాన్ని వడపోత రేటుగా మార్చిపెట్టే సూత్రం కావలసివచ్చింది.

1976లో డొనాల్డ్ కాక్‌క్రాఫ్ట్, హెన్రీ గాల్ట్ ప్రచురించిన సూత్రం ఆ అవసరాన్ని తీర్చింది. దానికి ఆధారం కెనడాలో 249 మంది రోగుల నుంచి సేకరించిన సమాచారం. వారిలో దాదాపు అందరూ పురుషులే. స్త్రీలకు 15 శాతం తగ్గించాలని సూత్రం చెబుతుంది గానీ, ఆ సంఖ్యను నిర్ధారించడానికి తగినంత మంది స్త్రీలు ఆ అధ్యయనంలో లేరు. మందుల మోతాదులు నిర్ణయించడానికి ఈ సూత్రం నేటికీ వాడుకలో ఉంది. కొలతలో లేనివారి శరీరాన్ని ఒక గుణకంతో సర్దుబాటు చేసే అలవాటు జాతి కంటే ముందు లింగంతో మొదలైందన్నమాట.

3. 1999: 1.18 అనే సంఖ్య

ఆహారంలో మాంసకృత్తులను, రక్తపోటును నియంత్రిస్తే మూత్రపిండాల క్షీణత మందగిస్తుందా అన్నది పరీక్షించడానికి అమెరికాలో ఎం.డి.ఆర్.డి. అనే పెద్ద అధ్యయనం జరిగింది. దాని ప్రధాన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. అందులో పాల్గొన్నవారి వడపోత రేటును రేడియోధార్మిక అయోథాలమేట్‌తో నేరుగా కొలిచారు. ఆ సమాచారం అందుబాటులో ఉండటంతో ఆండ్రూ లెవీ, ఆయన సహచరులు 1628 మంది ఫలితాల నుంచి ఒక కొత్త సమీకరణాన్ని రాబట్టి 1999లో ప్రచురించారు. ఆ 1628 మందిలో నల్లజాతీయులు 197 మంది. క్రియాటినిన్, వయసు, లింగం మొదలైనవన్నీ సమానంగా ఉన్నప్పుడు నల్లజాతీయుల వడపోత రేటు సగటున 18 శాతం ఎక్కువగా తేలింది. సమీకరణంలో 1.180 అనే గుణకం అలా చేరింది. తర్వాత సరళీకరించిన నాలుగంశాల రూపంలో అది 1.212 అయింది.

దానికి ఇచ్చిన వివరణ, నల్లజాతీయులకు సగటున కండర పరిమాణం ఎక్కువ అన్నది. ఆధారంగా చూపిన పూర్వ అధ్యయనాలు చిన్నవి. ఎం.డి.ఆర్.డి.లో పాల్గొన్నవారి కండర పరిమాణానికీ ఈ తేడాకూ ఉన్న సంబంధాన్ని సమీకరణం విడిగా నిరూపించలేదు. గణాంకాలలో కనిపించిన ఒక వ్యత్యాసానికి అప్పటికే చలామణిలో ఉన్న ఒక నమ్మకం కారణంగా అమరిపోయింది. ఆ నమ్మకానికి పాత వంశవృక్షమే ఉంది. నల్లజాతీయుల మూత్రపిండాలు తక్కువగా, చర్మగ్రంథులు ఎక్కువగా స్రవిస్తాయని థామస్ జెఫర్సన్ తన వర్జీనియా గ్రంథంలో 1780లలోనే రాశాడు. ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమీటరులో ‘జాతి సర్దుబాటు’ ఎలా స్థిరపడిందో వైద్య చరిత్రకారిణి లండీ బ్రౌన్ 2014లో ఒక గ్రంథంలో సవిస్తరంగా చూపింది. 1999 నాటి పరిశోధకులు జెఫర్సన్ వారసులని ఇక్కడ ఉద్దేశం కాదు. జాతిని శరీర ధర్మంగా భావించడం అప్పటికి ఎంత సహజమైపోయిందంటే, ఆ గుణకానికి వేరే వివరణ వెతకవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ సంఖ్యను పూర్తిగా కల్పితమని తోసిపుచ్చడమూ కుదరదు. అధిక రక్తపోటు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న 1094 మంది ఆఫ్రికన్ అమెరికన్లపై జరిగిన ‘ఆస్క్’ అధ్యయన సమాచారంతో పోల్చినప్పుడు, గుణకంతో కూడిన సమీకరణం కొలిచిన విలువలకు దగ్గరగానే వచ్చింది. వ్యత్యాసం ఉంది, దానికి పెట్టిన పేరు సరైనదా అన్నదే ప్రశ్న. ఆదాయం, ఆహారం, శ్రమ, జన్యువులు, మందులు, ఇంకా తెలియని మరెన్నో కలిసి తెచ్చిన ఒక సగటును ‘జాతి’ అన్న ఒక్క మాట మింగేసింది. పైగా ఆ జాతి ఎవరు నిర్ణయించినది? ఒకచోట రోగి స్వయంగా చెప్పుకున్నది, మరొకచోట గుమాస్తా చూసి రాసుకున్నది. తల్లి శ్వేతజాతి, తండ్రి నల్లజాతి అయిన మనిషికి ఏ గుణకం వాడాలన్న దానికి సమీకరణంలో సమాధానం లేదు.

2002లో అమెరికన్ మార్గదర్శకాలు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిని వడపోత రేటు ఆధారంగా అయిదు దశలుగా విభజించాయి. ఆ తర్వాత ప్రయోగశాలలు ప్రతి క్రియాటినిన్ ఫలితం పక్కనా అంచనా రేటును యాంత్రికంగా ముద్రించసాగాయి. చాలా నివేదికలలో రెండు వరుసలు ఉండేవి, ‘ఆఫ్రికన్ అమెరికన్ అయితే’ ఒకటి, ‘కాకపోతే’ మరొకటి. 2009లో పది అధ్యయనాల నుంచి 8254 మంది సమాచారంతో రూపొందిన సి.కె.డి.-ఎపి సమీకరణం పాతదానికంటే మెరుగైనదే. గుణకం 1.159కి తగ్గింది, పోలేదు.

4. 20 అనే గడప

అమెరికా జనాభాలో నల్లజాతీయులు సుమారు 13 శాతం. మూత్రపిండ వైఫల్యంతో జీవిస్తున్నవారిలో వారి వాటా దాదాపు మూడోవంతు. ఇంత భారం మోస్తున్న సమూహానికి మార్పిడి అవకాశాలు మాత్రం ఆలస్యంగా అందేవి. డయాలసిస్ మొదలైన తేదీ నుంచే నిరీక్షణ కాలాన్ని లెక్కించాలన్న నిబంధన 2014 డిసెంబరులో అమలులోకి వచ్చి ఈ అసమానతను కొంత తగ్గించింది. జాబితాలో ఆలస్యంగా నమోదైనా, డయాలసిస్ మీద గడిపిన ఏళ్లు వృథా పోకుండా చూసింది. అయితే డయాలసిస్‌కు ముందే జాబితాలో చేరి, వీలైతే దాని అవసరమే రాకముందు మార్పిడి పొందడం అన్నిటికన్నా మేలైన మార్గం. ఆ దారికి అడ్డంగా 20 అనే గడప, దాని వెనుక గుణకం నిలిచాయి.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. గుణకం లేకుండా 20కి చేరిన రోగికి 2009 సమీకరణం 23.2 చూపుతుంది. గుణకంతో 20కి రావాలంటే, గుణకం లేని విలువ దాదాపు 17కు పడిపోవాలి. పాత ఎం.డి.ఆర్.డి. గుణకంతో అయితే 16.5కు. మూత్రపిండాలు ఏటా రెండు మూడు మిల్లీలీటర్ల చొప్పున క్షీణిస్తున్న రోగికి ఈ తేడా ఏడాదికి పైబడిన కాలం. క్షీణత నెమ్మదిగా ఉంటే ఇంకా ఎక్కువ. నిపుణుని వద్దకు పంపడం, మార్పిడి కేంద్రంలో పరీక్షలు, బంధువులలో దాత కోసం అన్వేషణ, ఇవన్నీ ఆ సంఖ్య వెంటనే నడిచేవి.

గుణకం ఎప్పుడూ ఒకే దిశలో హాని చేయలేదన్నది కూడా గమనించాలి. వడపోత రేటు ఎక్కువగా చూపడం వల్ల కొందరు నల్లజాతి రోగులకు కొన్ని మందులు పూర్తి మోతాదులో అందాయి, కొందరు మూత్రపిండ దాతలుగా అర్హులయ్యారు. గుణకాన్ని తీసివేస్తే ఈ రెండు చోట్లా నష్టం ఉండవచ్చని హెచ్చరించిన వైద్యులు ఉన్నారు. వారిలో నల్లజాతి వైద్యులూ ఉన్నారు. వారిది జాత్యహంకారపు వాదన కాదు.

5. ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది

మార్పు మార్గదర్శక సంఘాల నుంచి కాక తరగతి గదుల నుంచి మొదలైంది. జాతి జీవశాస్త్ర వర్గం కాదని, అది రాజకీయ వర్గమని న్యాయశాస్త్ర ఆచార్యురాలు డొరతీ రాబర్ట్స్ 2011 నాటి గ్రంథంలో ప్రతిపాదించింది. ఆ వాదన వైద్య విద్యార్థులను ఆలోచింపజేసింది. బోధకులు జాతిని సామాజిక నిర్మితిగా పాఠం చెప్పి, మరుసటి గంటలో అదే జాతితో హెచ్చవేయడం నేర్పడంలోని వైరుధ్యాన్ని విద్యార్థులు ప్రశ్నించారు. 2017లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్య కేంద్రం తన నివేదికల నుంచి గుణకాన్ని తొలగించింది. మూత్రపిండ వైద్యురాలు వనెస్సా గ్రబ్స్ వంటివారు శాస్త్రీయ పత్రికలలో నిరంతరం వాదించారు. 2019లో న్వామాకా ఎనియాన్యా, ఆమె సహరచయితలు గుణకం పర్యవసానాలను ప్రధాన వైద్య పత్రికలో చర్చకు పెట్టారు. 2020 వేసవిలో అమెరికా వీధులలో జాతి న్యాయ ఉద్యమం ఉధృతమైన సమయానికి, వైద్యంలోని జాతి సర్దుబాట్లన్నిటినీ ఒకచోట చేర్చి చూపిన వ్యాసం కూడా వెలువడింది. ప్రసూతి, హృద్రోగ, శ్వాసకోశ వైద్యాలలోనూ ఇటువంటి గుణకాలు ఉన్నాయని అప్పుడు చాలామందికి తెలిసింది.

6. 2021: దోషాన్ని పంచుకోవడం

నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ కలిసి 2020లో ఒక కార్యదళాన్ని నియమించాయి. సింథియా డెల్గాడో, నీల్ పౌ దాని సహాధ్యక్షులు. తొందరపడి గుణకాన్ని తొలగిస్తే కలిగే నష్టాలను గురించి అంతకుముందు బహిరంగంగా హెచ్చరించిన వారిలో పౌ ఒకరు. 2021 సెప్టెంబరులో వెలువడిన తుది నివేదిక జాతి లేని కొత్త క్రియాటినిన్ సమీకరణాన్ని వెంటనే వాడాలని, సిస్టాటిన్-సి పరీక్షను విస్తృతం చేయాలని సిఫారసు చేసింది.

కొత్త సమీకరణాన్ని లెస్లీ ఇంకర్ నాయకత్వంలో రూపొందించారు. గుణకాన్ని ఊరికే కొట్టేయకుండా, నల్ల, నల్లేతర వ్యక్తులందరినీ కలిపి, జాతిని చూడకుండా మళ్లీ లెక్క కట్టారు. ఫలితం ఆలోచింపజేసేది. పాత సమీకరణం నల్లజాతీయుల రేటును మధ్యస్థంగా 3.7 మిల్లీలీటర్లు ఎక్కువగా, ఇతరులది 0.5 ఎక్కువగా చూపేది. కొత్తది నల్లజాతీయులది 3.6 తక్కువగా, ఇతరులది 3.9 ఎక్కువగా చూపుతుంది. అంటే పొరపాటు మాయం కాలేదు, చేతులు మారింది. ఒక సమూహం మీద పడ్డ దోషాన్ని రెండు సమూహాలూ ఎదురెదురు దిశలలో పంచుకున్నాయి. ఏ సమీకరణం ఎంచుకోవాలన్నది గణాంకాలు మాత్రమే తేల్చగల విషయం కాదని దీనితో రుజువైంది. ఎవరి పక్షాన తప్పు జరిగితే నష్టం తక్కువ అన్న నైతిక నిర్ణయం అందులో ఉంది. ఆ నిర్ణయాన్ని 1999లో ఎవరూ నిర్ణయమని పిలవలేదు. 2021లో పిలిచారు.

ఉపోద్ఘాతంలోని ఇద్దరు పురుషులకూ కొత్త సమీకరణం ఒకే విలువ ఇస్తుంది, దాదాపు 19.7.

అదే ఏడాది చి-యువాన్ షూ బృందం మరొక ముఖ్యమైన అంశాన్ని బయటపెట్టింది. శరీర నిర్మాణ కొలతలను లెక్కలోకి తీసుకున్నా క్రియాటినిన్‌లోని వ్యత్యాసం పూర్తిగా తొలగలేదు. కండర సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బ. సిస్టాటిన్-సి వాడినప్పుడు మాత్రం జాతి ప్రస్తావన లేకుండానే అంతే కచ్చితమైన అంచనా వచ్చింది. కేంద్రకం ఉన్న కణాలన్నీ ఈ మాంసకృత్తిని ఉత్పత్తి చేస్తాయి. కండరంతో దానికి సంబంధం తక్కువ. ఊబకాయం, వాపు, స్టెరాయిడ్లు, థైరాయిడ్ లోపాలు దాన్ని ప్రభావితం చేస్తాయి కాబట్టి అదీ నిర్దోషి కాదు. రెండింటినీ కలిపిన సమీకరణమే అన్నిటికన్నా నమ్మదగినదిగా తేలింది.

7. పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వడం

వైద్య చరిత్రలో తప్పు గుర్తించడం తరచూ జరిగేదే. ఆ తప్పు వల్ల నష్టపోయినవారికి నష్టం లెక్కగట్టి తిరిగి ఇవ్వడం అరుదు. అమెరికా అవయవ మార్పిడి వ్యవస్థ 2022 జూన్‌లో జాతి గుణకంతో కూడిన లెక్కలను నిషేధించింది. అదే డిసెంబరులో మరో అడుగు వేసింది. జాబితాలో ఉన్న నల్లజాతి రోగుల పాత ప్రయోగశాల నివేదికలను వెతికి, గుణకం లేకుండా ఉంటే వారు ఏ తేదీన 20కి చేరి ఉండేవారో నిర్ణయించి, ఆ తేదీ నుంచి నిరీక్షణ కాలాన్ని జమ చేయాలన్నది ఆ నిర్ణయం. 2023 జనవరిలో అమలు మొదలైంది. పని పూర్తి చేయడానికి ఆసుపత్రులకు ఏడాది గడువు ఇచ్చారు. 2024 మార్చి మధ్యనాటికి 14,000 మందికి పైగా రోగుల నిరీక్షణ కాలం సవరణ పొందింది. ఒక్కొక్కరికి కలిసొచ్చినది సగటున రెండేళ్లు.

ఈ సవరణ పాత కాగితాల లభ్యత మీద ఆధారపడింది. క్రమం తప్పక వైద్యుని చూడగలిగినవారికి నివేదికలు ఉన్నాయి. బీమా లేక, డయాలసిస్ దాకా వైద్యం అందనివారికి జమ చేయడానికి కాగితమే లేదు. వరుసలో ఎదురుచూస్తూ మరణించినవారి ఖాతాలో వేయగలిగినదీ ఏమీ లేదు.

మృత దాతల అవయవ నాణ్యతను లెక్కించే సూచికలో కూడా దాత నల్లజాతీయుడైతే మూత్రపిండం విలువ తగ్గించే అంశం 2024 దాకా ఉండేది. అక్కడ జాతి స్థానంలో నిలపదగిన నిర్దిష్ట కారణం ఒకటి అప్పటికే తెలుసు. 2010లో గుర్తించిన ఎ.పి.ఒ.ఎల్.1 జన్యు రూపభేదాలు నిద్రరోగ పరాన్నజీవి నుంచి రక్షణ ఇస్తాయి, రెండు ప్రతులూ ఉన్నవారికి మూత్రపిండ వ్యాధి ముప్పు పెంచుతాయి. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 13 శాతం మందికి మాత్రమే ఆ రెండు ప్రతులుంటాయి. జాతి గుర్తు మిగతా వారందరినీ కూడా అదే గాటన కట్టింది.

8. మూడవ గడి లేని చోట: దక్షిణాసియా

అమెరికాలో నడిచిన ఈ వివాదంలో మనుషులు నల్లవారు, నల్లవారు కానివారు అని రెండే రకాలు. హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజనీరు, శ్వేతజాతి రైతు ఒకే గడిలో ఉన్నారు. కానీ క్రియాటినిన్‌ను నిర్ణయించే కండర పరిమాణం, మాంసాహార పరిమాణం దక్షిణాసియాలో సగటున తక్కువ. క్రియాటినిన్ తక్కువగా పుడితే, మూత్రపిండాలు నిజానికి ఉన్నదానికంటే బాగున్నట్లు సమీకరణం చూపుతుంది. కరాచీలో ఇన్యులిన్ పద్ధతితో నేరుగా కొలిచి పోల్చిన పరిశోధకులు 2014లో సి.కె.డి.-ఎపి విలువను తగ్గించే సవరణ సూత్రాన్ని ప్రతిపాదించారు. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధనా సంస్థ అధ్యయనం కూడా 2018లో అదే దిశను చూపింది. నల్లేతరుల రేటును 2021 సమీకరణం ఇంకొంత పెంచి చూపుతుంది. అమెరికాలో ఒక అన్యాయాన్ని సరిదిద్దిన మార్పు, మాతృదేశంలోనైనా వలస దేశంలోనైనా, దక్షిణాసియావాసి విషయంలో పాత పొరపాటును మరికాస్త పెద్దది చేసే అవకాశం ఉంది. ఐరోపా నిపుణులు కొత్త అమెరికన్ సమీకరణాన్ని యథాతథంగా స్వీకరించకపోవడానికి తమ జనాభాలో కచ్చితత్వం తగ్గుతుందన్నదే ప్రధాన కారణం.

దీనికి విరుగుడుగా ‘దక్షిణాసియా గుణకం’ కోరడం సులువైన ఆలోచన. అది 1999 నాటి దారినే మళ్లీ పట్టడమవుతుంది. శ్రీకాకుళం తీరంలో వరిచేలలో, కొబ్బరి, జీడి తోటలలో పనిచేసే కూలీకీ, హైదరాబాదులో రోజూ మాంసం తినే ఉద్యోగికీ ఒకే గుణకం ఎలా సరిపోతుంది? ప్రాంతం పేరు కూడా జాతి పేరులాగానే చాలా వాటిని మింగేస్తుంది.

ఈ ప్రశ్న ఉద్దానంలో సిద్ధాంత చర్చగా మిగలదు. మధుమేహం, అధిక రక్తపోటు వంటి తెలిసిన కారణాలు లేకుండానే అక్కడి గ్రామాలలో మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉన్నదని గత దశాబ్దపు సర్వేలు నిర్ధారించాయి. ఈ సర్వేలు నిలిచినది క్రియాటినిన్ ఆధారిత సమీకరణాల మీదనే. వ్యాధి ఉన్నట్లు చెప్పే ప్రధాన గీత 60 మిల్లీలీటర్లు. బక్కపలుచని శ్రామిక శరీరంలో క్రియాటినిన్ తక్కువగా పుట్టి, సమీకరణం ఆరేడు మిల్లీలీటర్లు ఎక్కువ చూపిందనుకుంటే, నిజమైన రేటు 55 ఉన్న మనిషి 60 దాటి ఆరోగ్యవంతుల పట్టికలో చేరతాడు. మొదటి దశలోనే పట్టుకోవలసిన వ్యాధి అలా జారిపోతుంది. దాతగా ముందుకొచ్చిన బంధువు విషయంలో పెద్ద ఆసుపత్రులు డి.టి.పి.ఎ. స్కాన్ వంటి నేరు కొలతను ఆశ్రయిస్తాయి. గ్రామంలో రక్తమిచ్చిన కూలీకి ఆ అవకాశం ఉండదు.

2024 నాటి కె.డి.ఐ.జి.ఒ. అంతర్జాతీయ మార్గదర్శకాలు సమీకరణాలలో జాతిని వాడరాదని, కచ్చితత్వం అవసరమైన నిర్ణయాలలో క్రియాటినిన్‌తో పాటు సిస్టాటిన్-సిని కూడా కొలవాలని సూచించాయి. జాతి పేరూ ప్రాంతం పేరూ అడగకుండా కండరం తేడాను చాలావరకు దాటగల మార్గం ప్రస్తుతానికి అదే. క్రియాటినిన్ పరీక్ష ఏ చిన్న పట్టణపు ప్రయోగశాలలోనైనా చవకగా దొరుకుతుంది. సిస్టాటిన్-సి ఖరీదు దానికి ఎన్నో రెట్లు, అది నగరం దాటి రావడం అరుదు.